సొంతూరి మైకు

సంక్రాంతి మొదలు శివరాత్రి తిరునాళ్ళ దాకా చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళలో ఏదో ఒక మైకు మోగుతూనే ఉంటుంది. ఒక ఊళ్ళో ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు, ఇంకో ఊళ్ళో కబడ్డీ, మరో చోట హైస్కూలు గ్రౌండులో లైట్ల కింద టెన్నిస్ బంతి క్రికెట్. ఈ ఆటలకు మైకు పట్టే మనిషిని అందరూ కామెంటేటర్ అనే పిలుస్తారు గానీ, అదొక వృత్తి అని మాత్రం ఎవరూ అనుకోరు. ఈ నేల మీద పుట్టి, హైదరాబాదులోనో ముంబైలోనో స్టూడియోల్లో ఆటలు చెప్పిన ఒక యువకుడో, యువతో తిరిగొచ్చి ఇక్కడి ఆటలకే మైకు పడతానంటే అది దిగజారడమేనా? ఆ ప్రశ్న మీద ఇద్దరి మధ్య నడిచిన వాదం ఇది. ఒకరు రిటైరైన హైస్కూలు మాస్టారు. రెండోవారు ఆయన బావమరిది. పత్తి, మిరప వ్యాపారి, తిరునాళ్ళ కమిటీల్లో తిరిగే మనిషి. మాస్టారి పక్షమే నా పక్షం. అయితే వ్యాపారి అడిగినవి తోసిపుచ్చడానికి వీలైన ప్రశ్నలు కావు.

వ్యాపారి: బావగారూ, మొహమాటం లేకుండా చెబుతాను. గుంటూరు యార్డుకు తోలిన మిరపకాయ మళ్ళీ కల్లానికి రాదు. వచ్చిందంటే తాలు అని అర్థం. టీవీలో నాలుగు మ్యాచులు చెప్పి ఇంటికొచ్చినవాడి గురించి జనం అనుకునేదీ అదే. ఎమ్మెస్కే ప్రసాద్ గుంటూరు నుంచి టెస్టుల దాకా వెళ్ళారు, సెలక్షన్ కమిటీ ఛైర్మన్ అయ్యారు, తర్వాత తెలుగు కామెంటరీకి కూర్చున్నారు. అంబటి రాయుడిదీ గుంటూరే. అదీ దారి: ముందు ఆడాలి, పేరు తెచ్చుకోవాలి, ఆ తర్వాతే మైకు. ఆడకుండానే అక్కడిదాకా వెళ్ళగలిగాడంటే వాడు గట్టివాడే. మరి అంత దూరం వెళ్ళినవాడు వెనక్కొచ్చి బొప్పూడిలోనో మురికిపూడిలోనో ఎడ్ల పందేలకు అరుస్తానంటే, అప్పుచేసి చదివించిన తల్లిదండ్రులకు ఏం సమాధానం చెప్పాలి?

మాస్టారు: నీ పోలికలోనే తిరకాసుంది. కాయ విలువ యార్డులో తేలుతుంది, ఎందుకంటే కొనేవాడు అక్కడున్నాడు. వ్యాఖ్యానం విలువ తేలాల్సింది వినేవాడి దగ్గర. వాడు ఇక్కడున్నాడు. ఈ సంగతి మనకంటే ముందు అమెరికాలో చిన్న పట్నాలవాళ్ళు గ్రహించారు. అక్కడ బేస్‌బాల్‌ను రేడియోలో చెప్పడం మొదలై నూరేళ్ళు దాటింది. 1921 ఆగస్టు 5న పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ స్టేషన్ నుంచి హెరాల్డ్ ఆర్లిన్ అనే ఆయన తొలి మ్యాచ్ చెప్పాడు. పెద్ద లీగు కింద మైనర్ లీగులని అంచెలంచెలుగా ఉంటాయి, అన్నీ చిన్న చిన్న ఊళ్ళ జట్లు. చాలా జట్ల వెంట ఒక రేడియో మనిషి ఆటగాళ్ళతోపాటే బస్సులో తిరుగుతాడు. పగలు లెక్కలు రాసి పత్రికలకు పంపుతాడు, చాలాచోట్ల టికెట్లు, ప్రకటనలు కూడా అతనే అమ్ముతాడు. పొద్దుగూకాక మైకు ముందు ఒంటరిగా కూర్చుని మూడు గంటలు ఆట చెబుతాడు. ఎర్నీ హార్వెల్ అట్లాంటాలో పెరిగి, ఆ ఊరి మైనర్ జట్టు క్రాకర్స్‌కే వ్యాఖ్యానం చెప్పేవాడు. 1948లో పెద్ద లీగు జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ వ్యాఖ్యాత రెడ్ బార్బర్ జబ్బుపడితే వాళ్ళు హార్వెల్‌ను పంపమన్నారు. క్రాకర్స్ యజమాని ఊరికే పంపలేదు. క్లిఫ్ డాపర్ అనే క్యాచర్‌ను మాకిస్తే పంపుతానన్నాడు. ఇచ్చారు, పంపాడు. ఒక గొంతు పోతే ఒక ఆటగాడు పోయినంత లోటని ఒక చిన్న జట్టు బేరమాడి మరీ చెప్పింది. మన కమిటీల్లో ఎవరైనా మైకు మనిషి కోసం అలా బేరమాడారా?

ఇంకో సంగతి చూడు. ఐపీఎల్ మ్యాచ్‌లో వ్యాఖ్యాత పది నిమిషాలు నోరు మెదపకపోయినా ఆటకు వచ్చే నష్టం లేదు. అన్ని వైపులా కెమెరాలున్నాయి, బంతి బంతికీ లెక్క రాసే స్కోరర్లున్నారు, తెల్లారితే పత్రికలున్నాయి. గణపవరంలో కబడ్డీ ఫైనల్‌కు ఇవేవీ లేవు. పేపర్లో జిల్లా పేజీ మూల విజేత పేరు మూడు వరుసల్లో వస్తే గొప్ప. కూత ఎవరు తెంచారు, చివరి నిమిషంలో ఎవరు ఎవరిని పట్టారు అన్నది మైకులో చెబితే ఉంటుంది, చెప్పకపోతే ఇక లేదు. పల్నాటి కోడిపోరు సంగతే తీసుకో. రెండు కోళ్ళు కొట్టుకున్న సంగతి ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఈ ప్రాంతంలో పిల్లలకు తెలుసంటే, కారంపూడి వీరుల గుడి దగ్గర తరతరాలుగా వీరవిద్యావంతులు ఆ కథ పాడుతూ వచ్చారు కాబట్టి. చిన్న ఆట చిన్నదిగా ఉండిపోవడానికి కారణం ఆట కాదు, చెప్పేవాడు కరువవడం. అందుకే పెద్ద మైదానంలో కంటే చిన్న మైదానంలోనే మంచి గొంతు అవసరం ఎక్కువ. నా వాదమంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. దీన్ని కొట్టగలిగితే కొట్టు.

వ్యాపారి: కొడతాను. మీరు రేడియో కాలం లెక్క చెబుతున్నారు. అప్పట్లో కంటికి కనిపించేది కాదు కాబట్టి నోటితో చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు మన ఎడ్ల పందేలన్నీ యూట్యూబ్‌లో లైవ్ వస్తున్నాయి. అమెరికాలో ఉన్నవాడు కూడా ఫోన్‌లో తన ఊరి గిత్తల్ని చూసుకుంటున్నాడు. గ్రౌండుకు వచ్చినవాడు సరేసరి, కళ్ళ ముందే ఉంది. కళ్ళున్నవాడికి చెప్పడానికి ఇంకో మనిషి ఎందుకు? మోత తప్ప ఒరిగేదేముంది?

మాస్టారు: బండలాగుడు నువ్వు నాకంటే ఎక్కువే చూసి ఉంటావు. ఇప్పుడు ఆ మైకు తీసేసి చూడు. ఎడ్ల వయసును పళ్ళతో కడతారు: పాలపళ్ళ గిత్తలు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ పైన పెద్ద విభాగాలు. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది, గడువు మారుతుంది. ఆ గడువులో జత ఎన్ని అడుగులు లాగితే అదే దాని లెక్క. అడుగులే కాదు, అంగుళాలు కూడా కొలుస్తారు. బాట పొడవు పరిమితం గనుక చివరిదాకా లాగి, జతను తిప్పుకుని మళ్ళీ లాగాలి. ఆ తిప్పడంలో మనుషులు తడబడితే అక్కడే నిమిషాలు కరిగిపోతాయి. ఇప్పుడు చెప్పు, మైకు లేకుండా చూసేవాడికి కనపడేదేమిటి? రెండు ఎడ్లు, ఒక బండ, లేచే దుమ్ము, చుట్టూ కేకలేస్తూ పది మంది. ఆ జత గెలుస్తున్నదో ఓడుతున్నదో ఎవడికీ తెలియదు. ఎందుకంటే అది పోటీ పడుతున్నది పక్కనున్న ఎడ్లతో కాదు. పొద్దున ఎప్పుడో లాగేసి, ఇప్పుడు చెట్టు కింద కట్టేసి ఉన్న ఇంకో జత అడుగులతో. కబడ్డీలో ప్రత్యర్థి కనిపిస్తాడు, క్రికెట్‌లో కనిపిస్తాడు. బండలాగుడులో కనిపించడు. ఆ కనిపించని జతను బాట మీదికి తెచ్చి ఈ జత పక్కన నడిపించేది మైకు ఒక్కటే. 'ఇదే నిమిషానికి పొద్దుటి జత ఇక్కడికి చేరలేదు, వీళ్ళు ముందున్నారు, కానీ తిప్పేటప్పుడు వెనకబడుతున్నారు' అని ఒక మాట పడితే మూగబోయిన జనం ఒక్కసారి లేస్తారు. కెమెరా ఎంత మంచిదైనా ఆ మాట అనలేదు.

మంచి వ్యాఖ్యాత అలవాట్లు పుట్టుకతో రావు, నేర్చుకోవాలి. ఇందాక చెప్పిన రెడ్ బార్బర్ మైకు పక్కన మూడు నిమిషాల ఇసుక గడియారం పెట్టుకునేవాడు. ఇసుక కిందికి జారినప్పుడల్లా స్కోరు చెప్పి, దాన్ని తిరగేసేవాడు. అప్పుడే రేడియో పెట్టినవాడికి ఆట ఎక్కడుందో తెలియాలి కదా. మన మైకుల దగ్గర ఉన్న పెద్ద లోపం అదే. అరగంట విన్నా ఎవరు ముందున్నారో తెలియదు. స్టూడియోలో పనిచేసి వచ్చినవాడు ఇంకేమీ తేకపోయినా ఈ ఒక్క అలవాటు తెచ్చినా చాలు, ఆటకు ఒక రూపం వస్తుంది.

వ్యాపారి: మైకుల దగ్గర లోపం అన్నారు, అసలు లోపం అది కాదు. కమిటీలో కూర్చునే మనిషిని కాబట్టి చెబుతున్నాను. ఆ మైకు ఆట కోసం పెట్టింది కాదు. మొదటి బహుమతి దాత పేరు, రెండో బహుమతి దాత పేరు, ఆయన తండ్రి జ్ఞాపకార్థం అన్న మాట, వేదిక మీదికి వచ్చిన నాయకుడి బిరుదులు, ఆ నాయకుడి వెనక వచ్చిన ఇంకో నాయకుడి బిరుదులు. మధ్యలో సినిమా డైలాగులు. జత లాగుతూ ఉండగానే ఎమ్మెల్యే గారి కారు వచ్చిందంటే మైకు అటు తిరుగుతుంది. ఇది మార్చడం మీ హార్వెల్ వల్ల కూడా కాదు. దాత డబ్బిస్తేనే బహుమతి, బహుమతి ఉంటేనే జతలు వస్తాయి. ముంబై నుంచి వచ్చినవాడు మొదటి రోజే ఈ పేర్ల చిట్టా చూసి మళ్ళీ బస్సెక్కుతాడు.

మాస్టారు: నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. దాతను తీసెయ్యమని నేననను. మైనర్ లీగులో కూడా ప్రకటనలు చదివేది ఆ వ్యాఖ్యాతే. తేడా ఒకటే: బంతి ఆడుతుండగా చదవడు, విరామంలో చదువుతాడు. మనకూ జతకూ జతకూ మధ్య బోలెడంత వ్యవధి ఉంటుంది. ఒక జతను విప్పి, ఇంకో జతకు కాడి కట్టి, మోకు సరిచూసుకునే లోపు ఎంతమంది దాతల పేర్లయినా చదవొచ్చు, పైగా అప్పుడే జనం వింటారు కూడా. గడువు నడుస్తున్నంతసేపూ మైకు ఎడ్లది. ఈ నియమాన్ని కమిటీ కాగితం మీద పెట్టకపోతే మైకు మనిషి ఒంటరిగా నిలబెట్టలేడు. నాయకుడి కారు వచ్చినప్పుడు నోరు మూసుకోగల ధైర్యం జీతం ఖరారైనవాడికే ఉంటుంది, చేతిలో ఎంత పెడతారో తెలియనివాడికి ఉండదు.

ఇక తెలుగువాడి చెవికి వ్యాఖ్యానం కొత్త అనుకుంటున్నావేమో, కాదు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. అక్కడి నుంచి ఉషశ్రీ గారు భద్రాచలం సీతారామ కల్యాణానికి చెప్పిన ప్రత్యక్ష వ్యాఖ్యానం కోసం ఊళ్ళకు ఊళ్ళు రేడియో ముందు కూర్చున్నాయి. పెళ్ళి అందరికీ తెలిసిందే, కథ తెలిసిందే, ఫలితం ముందే తెలిసిందే. అయినా విన్నారు. తెలిసినదాన్ని కూడా ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పగలిగే గొంతు దొరికితే తెలుగువాడు పని మానుకుని వింటాడని ఆ ఒక్క ప్రసారం రుజువు చేసింది. ఇంకా దగ్గరికి రా. మన పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథకు 1986లో పద్మశ్రీ వచ్చింది. బుర్రకథ అమరిక చూడు: కథకుడు నడిపిస్తాడు, ఒక వంత రాజకీయం అడుగుతాడు, ఇంకో వంత హాస్యం కలుపుతాడు. టీవీలో ఇద్దరు ముగ్గురు కూర్చుని ఆట చెప్పే పద్ధతిని ఈ మట్టి ఏనాడో వేదిక మీద పెట్టింది. ఒకడు ఆట చెబుతుంటే, ఎడ్లు మేపిన అనుభవమున్న పెద్దమనిషి పక్కన కూర్చుని 'ఎడమ గిత్త అలిసింది, మెడ వాల్చింది చూడండి' అని వంత కలిపితే ఎలా ఉంటుంది? దానికి కావలసినవాళ్ళు ఇక్కడ ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

వ్యాపారి: ఉషశ్రీ గారు, నాజర్ గారు పుణ్యాత్ములు, వాళ్ళను ఇక్కడికి తేకండి. ఈనాటి కుర్రాళ్ళ చెవి టీవీతో తయారైంది. 2018లో ఐపీఎల్ తెలుగులో వచ్చినప్పటి నుంచి, ఆ ఏడాది చివర తెలుగు స్పోర్ట్స్ ఛానెలే పెట్టినప్పటి నుంచి, వాళ్ళకు ఆ వేగం కావాలి, ఆ హంగు కావాలి. గొప్పగా చెప్పేవాడు అక్కడే ఉంటేనే తెలుగుకు మేలు కదా? ఇక్కడికొస్తే పదివేల మంది వింటారు, అక్కడుంటే కోట్ల మంది. భాష మీద ప్రేమ ఉన్న మీరే వాణ్ణి వెనక్కి లాగడం ఏం న్యాయం?

మాస్టారు: లాగడం లేదు. రావాలనుకున్నవాణ్ణి తాలు అనొద్దంటున్నాను, అంతే. ఉండదలచుకున్నవాడు ఉండనీ, తెలుగుకు అక్కడా పనుంది. కానీ అక్కడి పని ఎలాంటిదో చూడు. ఐపీఎల్ తెలుగు వ్యాఖ్యానం చాలావరకు మైదానంలో నుంచి వచ్చేది కాదు. ముంబై స్టూడియోలో తెర ముందు కూర్చుని, కెమెరా చూపించిందే చూసి చెబుతారు. కెమెరా చూపించనిది వాళ్ళకూ కనిపించదు. ఇలా చూడకుండా చెప్పడం కొత్తా కాదు. 1930లలో రోనాల్డ్ రీగన్, తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆయనే, అయోవా రాష్ట్రంలో ఒక రేడియో స్టేషన్లో కూర్చుని, ఎక్కడో షికాగోలో జరిగే బేస్‌బాల్ ఆటను తంతి కాగితాల మీద వచ్చే ముక్కల్ని పట్టుకుని కళ్ళతో చూస్తున్నట్టు చెప్పేవాడు. నేర్పు ఉంది, కాదనను. అయితే గాలి ఎటు వీస్తున్నదో, పిచ్ మీద మంచు ఎప్పుడు పడిందో, బౌలర్ వాళ్ళన్న గోడ పక్కన నిలబడి ఎలా చూస్తున్నాడో ఆ కాగితమూ చెప్పదు, ఈ తెరా చెప్పదు. సొంతూరి మైకు మనిషికి అవన్నీ కంటి ముందుంటాయి. ఆ జత ఏ ఊరిదో, నిరుడు ఎక్కడ ఓడిందో, ఆ రైతు పొలం ఓగేరు వాగు పక్కన నీళ్ళలో ఎన్నాళ్ళుందో అతనికి తెలుసు. ఇది ఎంత డబ్బిచ్చినా స్టూడియోకి రాని జ్ఞానం.

భాష సంగతి కూడా అంతే. స్టూడియో తెలుగు ఎవరికీ చెందని తెలుగు. అన్ని జిల్లాలకూ సర్దుకోవాలి గనుక అంచులన్నీ నున్నగా చెక్కేస్తారు. అది తప్పు కాదు, వాళ్ళ పని అది. కానీ ఇక్కడ 'కాడిమాను', 'మోకు', 'చెర్నాకోల', 'గిత్త' అనే మాటలకు అర్థం చెప్పక్కర్లేని వేలమంది ఇంకా ఉన్నారు. ట్రాక్టరు వచ్చాక దుక్కిలో వినపడటం మానేసిన ఈ మాటలు ఇవాళ గట్టిగా వినపడే చోటు బండలాగుడు మైకు ఒక్కటే. ఒంగోలు జాతి కోసం లాం ఫారం ఉంది, చదలవాడ క్షేత్రం ఉంది. ఆ జాతి బ్రెజిల్‌కు వెళ్ళి నెల్లూరు పేరుతో అక్కడి పశుసంపదకు మూలమైంది. పశువును కాపాడుకోవడానికి అన్ని ఏర్పాట్లున్నప్పుడు దాని చుట్టూ అల్లుకున్న మాటలకు ఒక మనిషి ఉండటం ఎక్కువా?

వ్యాపారి: పశువు పేరెత్తారు కాబట్టి అడుగుతున్నాను. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను ఆపింది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఒప్పుకున్నది తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్టాలను. ఎడ్లను కొడతారు, తోక మెలిపెడతారు అని జంతుప్రేమికులు అంటున్నారు, కొన్నిచోట్ల అది నిజమే. దానికి మైకు పెట్టి అందంగా చెప్పడమంటే హింసకు పూలదండ వేయడమే కాదా?

మాస్టారు: కఠినమైన ప్రశ్నే. చట్టం వద్దన్నచోట ఆట ఉండకూడదు, మైకూ ఉండకూడదు. అందులో నాకు రెండో మాట లేదు. నడుస్తున్న చోట మాత్రం మైకు దేని పక్షాన ఉండాలో చూద్దాం. ఇప్పుడు మైకు తోలేవాడి పక్షాన ఉంది. చెర్నాకోల లేస్తే 'అద్దీ దెబ్బ' అంటుంది. అదే మైకు 'ఈ జత చెర్నాకోల లేకుండా ఇన్ని అడుగులు లాగింది' అని లెక్కపెట్టి చెప్పడం మొదలుపెడితే పేరు ఎవరికొస్తుంది? కొట్టకుండా లాగించిన రైతుకు. జనం దేనికి చప్పట్లు కొట్టాలో మైకు నేర్పుతుంది. నోరున్న ఎద్దు ఎక్కడా లేదు. బరి దగ్గర దాని తరఫున మాట్లాడే అవకాశమున్నవాడు వ్యాఖ్యాత ఒక్కడే. ఎద్దు మోకాలి మీద కూలితే ఆ సంగతి కప్పిపుచ్చకుండా చెప్పే స్వేచ్ఛ అతనికుండాలి. అది ఇవ్వని కమిటీకి మైకు పట్టనని చెప్పే హక్కు కూడా ఉండాలి. పైగా ఇతని పని ఎడ్లతోనే ముగిసిపోదు. కబడ్డీ ఉంది, క్రికెట్ ఉంది, బడిపిల్లల ఖోఖో ఉంది.

వ్యాపారి: అన్నీ ఒప్పుకున్నా, తిండి మాటేమిటి? అమెరికా అమెరికా అంటున్నారు, అక్కడ 2021లో పెద్ద లీగువాళ్ళు మైనర్ జట్లను నూట అరవై నుంచి నూట ఇరవైకి కోసేశారని నేనూ చదివాను. అంటే నలభై ఊళ్ళలో జట్టే ఊగిసలాటలో పడింది, ఇక జట్టు వెంట ఉన్న గొంతు ఎక్కడ? ఇక్కడ సీజను మూడు నాలుగు నెలలు. మిగతా ఎనిమిది నెలలు వాడు ఏం చేస్తాడు? పెళ్ళిచూపులకు వెళ్తే ఏం పని అంటే ఏం చెబుతాడు?

మాస్టారు: ఆ కోత నిజమే, అన్యాయమే. కానీ ఆ నలభై ఊళ్ళన్నీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పయొనీర్ లీగు స్వతంత్రంగా నిలబడింది, అపలాచియన్ లీగు కాలేజీ కుర్రాళ్ళ వేసవి లీగుగా మారింది. పైవాడు వదిలేసినా ఊరు పట్టుకుంటే ఆట మిగులుతుందన్నదానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? తిండి సంగతికి వస్తే, అక్కడివాళ్ళకు కూడా మైకు ఒక్కదానితో ఏడాదంతా గడవదు. చలికాలంలో ఇంకో పని చూసుకుంటారు. ఇక్కడివాడూ అంతే చేస్తాడు: ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్ డ్యూటీలు, ప్రకటనలకు గొంతు, బడుల్లో వార్షికోత్సవాలు. పంట ఒక్కటే నమ్ముకున్న రైతు ఈ తాలూకాలో ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. ఎవరికైనా రెండు మూడు ఆసరాలు ఉండాల్సిందే. దాన్ని రైతుకు వివేకమని, వ్యాఖ్యాతకు చేతకానితనమని అనడం సరికాదు.

దారులు కూడా లేకపోలేదు. ప్రైవేటు ఎఫ్‌ఎంలకు 2011లో తెచ్చిన మూడో దశ విధానం సొంతంగా వార్తలు చెప్పనివ్వలేదు గానీ, స్థానిక ఆటలకు ప్రత్యక్ష వ్యాఖ్యానం చెప్పుకోవచ్చని వీలిచ్చింది. ఆ వీలును మన దగ్గర వాడుకున్నవాళ్ళు దాదాపు కనపడరు. కమ్యూనిటీ రేడియో ఉంది: కాలేజీగానీ స్వచ్ఛంద సంస్థగానీ లైసెన్సు తీసుకుని వంద వాట్లతో నడుపుకోవచ్చు. పేటలో అలాంటి స్టేషన్ ఒకటుంటే పురుషోత్తమపట్నం, గణపవరం, బొప్పూడి అన్నీ దాని పరిధిలోకే వస్తాయి. ఇది కలగాదు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో 2008 నుంచి సంఘం రేడియోను నడుపుతున్నది దళిత మహిళలు, వ్యవసాయపు పనులు చేసుకునేవాళ్ళు. అంటే ఈ మైకు మగవాడి సొత్తు కూడా కాదు. కేరళలో అలప్పుళ నెహ్రూ ట్రోఫీ పడవ పందేన్ని ఆకాశవాణి మలయాళంలో ఎంత ఉద్వేగంగా చెబుతుందో, దానికోసం ఎంతమంది ఎదురు చూస్తారో అక్కడివాళ్ళను అడుగు. పడవకు దక్కిన గౌరవం మన ఎద్దుకు, మన కబడ్డీ కుర్రాడికి ఎందుకు దక్కకూడదు?

వ్యాపారి: స్టేషన్ సంగతి తర్వాత. రేపు కమిటీలో కూర్చున్నప్పుడు నేను అడగగలిగేదేమిటో అది చెప్పండి. కోటప్పకొండకు ప్రభ కట్టడానికి లైట్లకు, జనరేటర్లకు ఎంతెంత అవుతుందో మీకు తెలుసు. అంత ఖర్చు పెట్టే చేతులే మైకు మనిషి దగ్గరికొచ్చేసరికి ముడుచుకుపోతాయి. ఏదో ఒక గట్టి లెక్క చూపించకపోతే మావాళ్ళు వినరు.

మాస్టారు: మూడు విషయాలు అడుగు. మొదటిది, బడ్జెట్ కాగితంలో సౌండు, లైట్లు, షామియానా ఎలా ఒక్కో వరుసగా రాస్తారో వ్యాఖ్యాతకూ అలాగే ఒక వరుస రాయండి. అంపైరుకిచ్చే దానికి తగ్గకూడదు, అడ్వాన్సు ముందే ముట్టాలి. రెండోది, గడువు నడిచేటప్పుడు దాతల పేర్లు చదవకూడదన్న నియమాన్ని కరపత్రంలోనే అచ్చువేయండి. అప్పుడు ఏ నాయకుడూ నొచ్చుకోడు, ఎందుకంటే అందరికీ ఒకటే నియమం. మూడోది ఒక రిజిస్టరు. ప్రతి జతకూ యజమాని ఊరు, ఎన్ని పళ్ళు, బండ బరువు, లాగిన అడుగులు, అంగుళాలు, తిప్పడానికి పట్టిన సమయం, చెర్నాకోల వాడారా లేదా అన్నది వ్యాఖ్యాత చేత్తో రాయాలి. తిరునాళ్ళు అయ్యాక దాని నకలు ఒకటి శాఖా గ్రంథాలయంలో ఇవ్వాలి. వచ్చే ఏడు మైకు పట్టేవాడు, వీడే కానీ ఇంకొకడే కానీ, ఆ రిజిస్టరు తెరిచి 'నిరుడు ఇదే బాట మీద ఇదే జత ఇన్ని అడుగుల దగ్గర ఆగింది' అని మొదలుపెట్టగలగాలి.

వ్యాపారి: రిజిస్టరు నేను కొనిస్తాను. అంపైరు రేటు దగ్గర మాత్రం గొడవ అవుతుంది బావగారూ, ఇప్పుడే చెబుతున్నాను.

మాస్టారు: అవనీ. గొడవ వస్తే మీటింగుకు నన్ను కూడా పిలువు.